స్నానం ఎప్పుడు పోస్తారో అదే నీ టైమ్‌టేబుల్

అమ్మాయ్, మా చిన్నదాని వయసే ఉంటుంది కాబట్టి ‘నువ్వు’ అనే అంటాను, ఏమీ అనుకోకు. నువ్వు అడిగింది ఇదీ. పుట్టిల్లు పలాస, మెట్టినిల్లు ఒడిశాలోని మా బరంపురం. పాపకి అయిదో నెల. రాత్రి పాలకి రెండు మూడుసార్లు లేచినా పది గంటలు పడుకుంటుంది. పగలు మాత్రం మూడు నాలుగుసార్లు, అదీ ముప్ఫై అయిదు, నలభై నిమిషాలే. నీకు బ్యాంకు పరీక్ష రాయాలని ఉంది. పాప కళ్లు మూయగానే పుస్తకం తియ్యాలా, అంట్లు తోమాలా, నడుం వాల్చాలా తేల్చుకోలేక ఫోన్ పట్టుకుని కూర్చుంటావు. ఈలోగా పాప లేస్తుంది, నీకు ఏడుపొస్తుంది. పగలు పడుకుంటే అత్తగారు ఏమనుకుంటారోనని టెన్షన్ ఒకటి.

నేను డాక్టర్ని కాను. ఇద్దరు పిల్లల్ని పెంచాను. ఆ తర్వాత పదహారేళ్లు కోర్టుపేట దగ్గర మా ఇంట్లోనే ఉద్యోగాలకెళ్లే తల్లుల పిల్లల్ని చూసుకున్నాను, ఒక్కోసారి నలుగురు ఉండేవారు. ఇప్పుడు మనవడు. చెప్పేదంతా ఆ అనుభవంతోనే.

ముందు ఆ ముప్ఫై అయిదు నిమిషాల సంగతి. అది నీ తప్పు కాదు. పాలు చాలకే లేస్తోందని పక్కింటివాళ్లు అంటారు, బరువు బాగా పెరుగుతుంటే ఆ మాట పట్టించుకోకు. ఈ వయసు పిల్లలకి నిద్రలో ఒక విడత నలభై యాభై నిమిషాలు ఉంటుంది. విడత అయిపోయాక మనమైతే పక్కకి తిరిగి మళ్లీ నిద్రలోకి జారుకుంటాం, పొద్దున్నకి గుర్తు కూడా ఉండదు. అలా జారుకోవడం పిల్లలకి ఇంకా అలవాటు కాదు. చాలామందికి ఆరో నెల దాటాక మెల్లగా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్కలో 4 నుంచి 11 నెలల పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర ఉండాలి. నువ్వు రాసిన గంటలు కూడి చూశాను, పన్నెండుకి అటూ ఇటూగా వస్తోంది, మీ పాప ఆ లెక్క దగ్గరే ఉంది.

ఇంకోటి చూడు. ముప్ఫయ్యో నిమిషంలో పాప మూలిగినా, కాళ్లు ఆడించినా, మొహం ముడుచుకున్నా వెంటనే ఎత్తుకోకు. పిల్లలు నిద్రలోనే అవన్నీ చేస్తారు. రెప్పల కింద కనుగుడ్లు కదులుతుంటాయి, నవ్వుతారు, ఒక్కోసారి చిన్నగా ఏడుపు గొంతు కూడా పెడతారు. రెండు మూడు నిమిషాలు గుమ్మం దగ్గరే నిలబడి చూడు. నిజంగా ఏడుపు లంకించుకుంటే ఎత్తుకో. నా దగ్గర పెరిగిన పిల్లల్లో చాలామంది నిద్ర పాడుచేసింది పెద్దవాళ్లే. లేచిందేమోనని ఎత్తుకుని, నిజంగానే లేపేసేవాళ్లు. నేనూ చేశాను ఆ పని, మా పెద్దాడితో.

ఇక అసలు మాట. పాప మెలకువగా ఉండగా చెయ్యగలిగే పని ఏదీ పాప పడుకున్నప్పుడు చెయ్యకు.

వినడానికి చిన్న మాటే. కానీ ఈ వారం పాప పడుకోగానే నువ్వు ఏం చేశావో ఒకసారి గుర్తు చేసుకో. బట్టలు మడతపెట్టి ఉంటావు, చిక్కుడుకాయలకి ఈనెలు తీసి ఉంటావు, పలాసకి ఫోన్ చేసి అమ్మతో మాట్లాడి ఉంటావు. ఇవన్నీ పాప ముందు కూర్చుని చేసే పనులు. కింద చాప పరిచి, దాని మీద పల్చటి బొంత వేసి పాపని పడుకోబెట్టి, నువ్వు ఎదురుగా కూర్చుని మునగాకు దూస్తుంటే అరగంట కళ్లప్పగించి చూస్తుంది. మా మనవడికి ఒక్కో రెమ్మ దూసినప్పుడల్లా నవ్వు. ఉతికిన బట్ట విదిలిస్తే ఆ గాలి మొహానికి తగిలి కేరింతలు. అయిదో నెల పిల్లకి బొమ్మలు అక్కర్లేదు, నువ్వు పని చేసుకోవడమే బొమ్మలాట. పాప లేచి ఉన్నప్పుడల్లా దాన్నే చూస్తూ, ఆడిస్తూ కూర్చోవాలని ఎవరు చెప్పారో తెలీదు కానీ, మా కాలంలో ఎవరికీ అంత తీరికా లేదు, పిల్లలకి అందువల్ల వచ్చిన లోటూ లేదు.

ఈ పనులన్నీ అటు జరిపేస్తే నిద్ర సమయానికి మిగిలేవి కొన్నే. నీ నిద్ర, నీ చదువు, ఊరికే కాసేపు కూర్చోవడం. చివరిదాన్ని తీసెయ్యకు, అదీ పనే.

ఇక్కడ ఇంకో జల్లెడ పట్టాలి. పట్టిన పని ఏదైనా సరే, ఉన్నపళంగా వదిలేసి లేవగలవా? లేవలేనిదైతే మొదలుపెట్టకు. ఇది నాకు అప్పడాలు నేర్పాయి.

1993లో మా పెద్దాడు మీ పాపంత ఉండేవాడు. బరంపురం అప్పడాలూ పచ్చళ్లూ నీకు ఈపాటికి తెలిసే ఉంటాయి. అప్పట్లో నేను ఒకరి దగ్గర పిండి ఉండలు తెచ్చుకుని ఇంట్లో ఒత్తి, ఆరబెట్టి తిరిగి ఇచ్చేదాన్ని. వాడు పడుకోగానే పీట ముందు కూర్చునేదాన్ని. వాడు సరిగ్గా నీ ముప్ఫై అయిదు నిమిషాలకి లేచేవాడు. పాలిచ్చి, జోకొట్టి వచ్చేసరికి తడిగుడ్డ కప్పినా సరే ఉండలు పైన బిరుసెక్కి ఉండేవి. ఒత్తితే అంచులు పగిలేవి. పగిలిన అప్పడానికి కూలి కోసేవారు. పొద్దున్న నుంచి కష్టపడితే చేతికొచ్చేది సగం. పిల్లాడి మీద కోపం వచ్చేది. వాడేం చేశాడు పాపం, నేను ఎంచుకున్న పని అలాంటిది.

తర్వాత చీరలకి ఫాల్ కుట్టడం, జాకెట్లకి హుక్కులు, కాజాలు మొదలుపెట్టాను. దాంట్లో సుఖం ఏమిటంటే ఏ కుట్టు దగ్గరైనా ఆగొచ్చు. బట్టకి సూది గుచ్చి లేచిపోతే, వచ్చాక అక్కడి నుంచే అందుకోవచ్చు. ఫాల్ చీర అంచు పొడుగునా ఉంటుంది కాబట్టి ఎంత అయిందో, ఎంత మిగిలిందో కంటికి కనిపిస్తుంది. అదొక తృప్తి.

ఆ సూది గుచ్చే అలవాటూ ఊరికే రాలేదులే. ఒకరోజు వాడి ఏడుపుకి గబుక్కున లేచాను, బట్టకి గుచ్చడం మర్చిపోయాను. సూది ఎక్కడ పడిందో తెలీదు. గచ్చు నేల, సన్నగా పగుళ్లు. వాడప్పుడే బోర్లా పడి పాకడానికి చూస్తున్నాడు. వాడు మళ్లీ పడుకున్న సమయమంతా పాడైపోయిన రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం పట్టుకుని నేల మీద అంగుళం అంగుళం రాస్తూ వెతికాను. నా చీర కుచ్చిళ్లలోనే దొరికింది. ఆ రోజు నుంచి సూదులు లెక్కపెట్టి మూతున్న డబ్బాలో పెట్టడం, ఆ అయస్కాంతం డబ్బాకే అంటించి ఉంచడం. ఇప్పటికీ అదే డబ్బా.

పొయ్యి మీద నూనె మూకుడు కూడా ఉన్నపళంగా వదిలి లేవలేని పనే. పాప పడుకుంది కదా అని వేపుడు పెట్టకు. లేచి ఏడుస్తుంటే నూనె వదిలి పరిగెత్తాలి, లేదా ఏడుస్తున్న పాపని చంకనేసుకుని పొయ్యి దగ్గర నిలబడాలి. రెండూ ప్రమాదమే. ఇంట్లో ఇంకో పెద్ద మనిషి ఉన్నప్పుడే నూనె పని. కుక్కర్ సంగతి వేరు, ప్రమాదం లేదు కానీ విజిల్ ఉంది. పాప నిద్రపోయిన మొదటి పది నిమిషాల్లో విజిల్ వస్తే లేచి కూర్చున్నట్టే. పాప మెలకువగా ఉన్నప్పుడే కుక్కర్ దించెయ్యి. మిగతా చప్పుళ్లకి ఇల్లంతా గుసగుసలాడాల్సిన పని లేదు. గిన్నెల చప్పుడు, వీధిలో కూరలమ్మి కేక, అత్తగారి టీవీ, వీటిలో నిద్రపోవడం అలవాటైన పిల్ల ఎక్కడైనా నిద్రపోతుంది.

మొట్టమొదట మార్చాల్సింది మాత్రం స్నానం. అత్తగారు పొద్దున్న కుళాయి రాగానే నీళ్లు పట్టి, కాచి, ఎనిమిదికల్లా నూనె రాసి పాపకి స్నానం పోసేస్తారని రాశావు. స్నానం తర్వాత పాప ‘కాస్త ఎక్కువసేపు’ పడుకుంటుందనీ రాశావు. నూనె మర్దనా, కాళ్ల మీద పడుకోబెట్టి పోసిన గోరువెచ్చటి నీళ్లు, వెంటనే పాలు: రోజు మొత్తంలో గట్టి నిద్ర అదే. నా దగ్గరున్న పిల్లలందరిలోనూ చూశాను, మిగతా నిద్రలు అరగంట అయితే స్నానం నిద్ర గంట, గంటంబావు. అంత మంచి నిద్ర మీ ఇంట్లో ఎప్పుడొస్తోంది? ఎనిమిదింబావుకి. ఆ సమయానికి నువ్వు ఎక్కడున్నావు? మీ ఆయన టిఫిను, మావయ్యగారి కాఫీ, మధ్యాహ్నం వంట. అంటే నీ చేతికున్న ఒక్క గంటా వంటింటి పాలవుతోంది.

స్నానం పదిన్నరకి జరుపు. కుళాయి నీళ్లు పొద్దున్నే పట్టి ఉంచుకోవచ్చు, స్నానం ఆ వేళకే పొయ్యాలని లేదు. పదిన్నరకి వంట అయిపోతుంది, మగవాళ్లు బయటికి వెళ్లిపోతారు, ఇల్లు సద్దుమణుగుతుంది. ఎండాకాలమైతే బకెట్టు పెరట్లో పెడితే పదికల్లా సగం వేడి ఎక్కి ఉంటుంది. అత్తగారితో ‘నాకు చదువుకోవాలి’ అని మొదలుపెట్టకు, ‘ఎండెక్కాక పోస్తే పాపకి చలి పట్టదు కదా అత్తయ్యా’ అను. అది అబద్ధమూ కాదు. సాంబ్రాణి పొగ ఒక్కటి మాత్రం వద్దని మెత్తగా చెప్పు. మేమూ వేశాం, కానీ ఏ పొగైనా ఆ చిన్న ఊపిరితిత్తులకి మంచిది కాదు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు కూడా వద్దు.

ఇక చదువు. మా అమ్మాయి ఈ పరీక్ష రెండుసార్లు రాసింది కాబట్టి దాని సంగతి కొంత తెలుసు. క్లర్కు ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, గంట సమయం. ఇంగ్లీషు 30, లెక్కలు 35, రీజనింగ్ 35. మూడింటికీ విడివిడిగా 20 నిమిషాలు. చూశావా, నీ ముప్ఫై అయిదు నిమిషాల నిద్రకి కొలిచినట్టు సరిపోతుంది. మామూలు నిద్రలో ఒక సెక్షన్ గడియారం పెట్టుకుని 20 నిమిషాలు చెయ్యి, మిగతా సమయంలో తప్పులు చూసుకో. తప్పుకి పావు మార్కు పోతుంది కాబట్టి ఎన్ని చేశావన్నది కాదు, ఏవి వదిలెయ్యాలో తెలియడం ముఖ్యం. కొత్త పాఠం మాత్రం స్నానం నిద్రకే ఉంచు, అరగంటలో కొత్తది ఎక్కదు, ఎక్కే సమయానికి పాప లేస్తుంది.

పుస్తకం తీసి, ఎక్కడ ఆపానో వెతుక్కుని, పెన్ను దొరక్క లేచేసరికి ఎనిమిది నిమిషాలు పోతాయి. అందుకని రాత్రి పడుకునే ముందే రేపటి పేజీ తెరిచి, పెన్సిలు అందులోనే పెట్టి, పాప చెయ్యి అందని చోట ఉంచు. చదువుతుండగా పాప కదిలిందనుకో, లేచే ముందు పేజీ మీద ఒక్క మాట రాయి, ‘వడ్డీ లెక్క, 14 నుంచి’ అని. నేను బట్టకి సూది గుచ్చి లేచినట్టన్నమాట. ఫోన్ ఆ సమయంలో వేరే గదిలో ఉండాలి. ఇది నీకు తెలియనిది కాదు.

క్లర్కు ఉద్యోగానికి ఏ రాష్ట్రానికి దరఖాస్తు పెడితే ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం రావాలి. ఆంధ్రాకి పెడితే నీకు దిగుల్లేదు. ఇక్కడే ఉండాలంటే ఒడియా కావాలి. మన ఊళ్లో మాట్లాడటం ఎలాగూ ఆరు నెలల్లో వచ్చేస్తుంది, అక్షరాలే నేర్చుకోవాలి. మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి, భయపడకు. దీనికి నిద్ర సమయం ఖర్చుపెట్టకు. పాప చాప మీద ఉన్నప్పుడు మూడో క్లాసు ఒడియా వాచకం పైకి చదువు. షాపుల బోర్డులు చదువుతూ పాపని ఎత్తుకుని సందులో తిరుగు. నువ్వు చదువుతున్న గొంతు పాపకి కబుర్లే.

నీ నిద్ర విషయానికొస్తాను. ‘పిల్ల పడుకుంటే నువ్వూ పడుకో’ అని అందరూ చెప్పేస్తారు. మొదటి మూడు నెలలు అది నూటికి నూరుపాళ్లూ నిజం. అయిదో నెలలో అదే మాట చెబితే, మరి మిగతాదంతా ఎవరు చేస్తారు అని నీకు ఒళ్లు మండుతుంది, న్యాయమే. నా లెక్క ఇది: ముందు రాత్రి రెండుసార్లకి మించి లేచావా, మర్నాడు ఒక నిద్ర నీది, మాట్లాడకుండా పడుకో. పాతిక నిమిషాలకి అలారం పెట్టుకో. అంతకు మించి పడుకుంటే లేచాక తల దిమ్ముగా ఉంటుంది. ఆ రోజు చదువు పోతే పోనీ. నిద్ర లేని కళ్లతో చేసిన రీజనింగ్ ఎలాగూ తప్పే.

అత్తగారికి తెలియకుండా తలుపు చేరేసి పడుకోవడం నేనూ చేశాను, ప్రతి అడుగు చప్పుడుకీ లేచి కూర్చునేదాన్ని, అదేం నిద్ర. ముందే చెప్పెయ్యి. ‘అత్తయ్యా, రాత్రి మూడుసార్లు లేపింది. ఓ అరగంట వాలతాను, లేచాక బట్టలు నేనే తీస్తాను.’ అడగడం కాదు, చెప్పడం. తిరిగి చేసే పని పేరు కూడా చెప్పావు కాబట్టి ఆవిడకీ సమాధానం ఉంటుంది. మొదటి రెండు రోజులు మూతి ముడుచుకోవచ్చు. పోనీ.

మీ ఆయన షాపు బడాబజారులో అన్నావు. మన ఊళ్లో మధ్యాహ్నం సగం షాపులు షట్టర్లు దించుతాయి కదా, ఆయన ఒంటిగంటన్నరకి వచ్చి, తరవాణి అన్నం తిని, నాలుగు దాకా ఇంట్లోనే ఉంటారు. ఊరంతా కునుకు తీసే వేళ అది. ఆ మధ్యాహ్నం నిద్ర ఆయనకి అప్పజెప్పు. పాప పక్కన ఆయన పడుకుంటారు, పాప లేచినా ఒక అరగంట ఆయనే ఆడిస్తారు. అప్పుడు నీ ముప్ఫై అయిదు నిమిషాలు గంట దాటుతాయి. నిద్ర లేచిన పిల్లకి తల్లే కనిపించాలని రూలేం లేదు. మగవాళ్లకి రాదంటారు గానీ, మా ఆయనకి వదిలేస్తే మూడో రోజుకే వచ్చేసింది. నేను వదలడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

పాప ఎక్కడ పడుకుంటోందో నువ్వు రాయలేదు కాబట్టి ఇది చెప్పి తీరాలి. వెల్లకిలా, గట్టిగా ఉండే చదునైన పక్క మీద, దిండు లేకుండా. అయిదో నెల అంటే బోర్లా పడటం ఇవాళో రేపో. మంచం మీద పడుకోబెట్టి చుట్టూ దిండ్లు పేర్చి వంటింట్లోకి వెళ్లకు, దిండే మొహానికి అడ్డం పడుతుంది. కింద పక్కే మంచిది, దోమలకి గొడుగు తెర వెయ్యి. చీర ఉయ్యాల జోకొట్టడానికి బాగుంటుంది, మేమందరం అందులోనే పెరిగాం. కానీ అందులో మెడ ముందుకి వంగి గడ్డం గుండెకి ఆనుతుంది, బోర్లా పడే పిల్లకి చీర చుట్టుకుంటుంది. కళ్లు మూశాక తీసి కింద పక్క మీద పడుకోబెట్టు. తీసేటప్పుడు లేస్తుందంటావు. వీపు ముందు ఆనించి, తల తర్వాత ఆనించి, నీ చెయ్యి గుండె మీద ఒక నిమిషం అలాగే ఉంచితే చాలాసార్లు లేవదు.

కరెంటు పోగానే పాప లేచిపోతుంది కదా, ఉక్కకని అనుకుంటాం. అదే పూర్తి కారణం కాదు. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు, చల్లటి గాలి వీస్తున్నా పిల్లలు నిద్రపోలేదు. ఫ్యాను చప్పుడు లేక. అప్పుడు నేను వరుసగా అందరి పక్కనా కూర్చుని ‘ష్...’ అంటూ విసనకర్రతో విసిరాను, ఆ చప్పుడుకి పడుకున్నారు. ఎదురింటి ఒడియా మావుసి (మన పిన్నిలాగా) అయితే ఒడియాలో జోలపాట ఎత్తుకునేది, తెలుగు పిల్లలూ ఆ పాటకే పడుకునేవారు.

చివరిగా ఆ ఏడుపు సంగతి. పని కాలేదని అప్పుడప్పుడు ఏడవడం వేరు. పాప పడుకున్నా నీకు నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, రోజూ ఏడుపు రావడం, ఇవి రెండు వారాలు దాటి ఉంటే అది బద్ధకమూ కాదు, దిష్టీ కాదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది. డాక్టరుకి చెప్పు. ఇంట్లో చెప్పలేకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, ప్రభుత్వానిదే, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ ఫోన్‌కి పాప నిద్ర సమయం మొత్తం వాడేసుకున్నా పర్వాలేదు.

పాపకి ఏడాది నిండేదాకా పరీక్ష వాయిదా వెయ్యాలా అని అడిగావు. వెయ్యకు. ఈసారి దరఖాస్తు పెట్టు, రాకపోతే అనుభవం. ఏడాదిన్నరకి పిల్లలు పగటి నిద్రలన్నీ కలిపి మధ్యాహ్నం ఒక్కటే పడుకుంటారు, చాలామంది గంటన్నర, రెండు గంటలు. అప్పటికి నువ్వు ఇరవై నిమిషాల్లో సెక్షన్ పూర్తిచెయ్యడం నేర్చుకుని ఉంటే, మెయిన్స్‌కి ఎక్కువసేపు కూర్చోవడం ఆ నిద్రలో అలవాటు చేసుకోవచ్చు. మిగతావన్నీ తర్వాత, ముందు రేపు స్నానం పదిన్నరకి జరిపి చూడు. మొదటి రెండు రోజులు పాప తొమ్మిదింటికే కళ్లు నులుముకుంటుంది. అప్పుడు ఒక చిన్న కునుకు తియ్యనిచ్చి, లేచాక నూనె రాయండి.